చదవలేని తెలుగు, వినగలిగే తెలుగు: పర్లాకిమిడిలో ఒక పాడ్‌కాస్ట్ మొదలైన తీరు

కిందటి ఏప్రిల్‌లో పర్లాకిమిడి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. "అక్కా, పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఏ మైకు కొనమంటారు?" అని అడిగింది. పాడ్‌కాస్ట్ అంటే ఫోనులో తీరిక దొరికినప్పుడు వినేలా భాగాలు భాగాలుగా వచ్చే ఆడియో కార్యక్రమం. పదకొండేళ్లుగా ఆడియో ఎడిటింగే నా బతుకుతెరువు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే వాళ్లు దాదాపు అందరూ మైకు దగ్గరే మొదలుపెడతారు. నేను మాత్రం ఎవరికైనా ముందు ఒకటే ప్రశ్న వేస్తాను: ఎవరు వినాలని? ఆ అమ్మాయి ఒక్క క్షణం కూడా ఆగకుండా "తెలుగువాళ్లందరూ" అంది.

ఆ జవాబు మారడానికి రెండు వారాలు పట్టింది. మారిన తర్వాత విడుదల దాకా మిగతా పని మూడు నెలల్లో పూర్తయింది. ఆ పని ఎలా జరిగిందో, ఎక్కడ తప్పులు చేశామో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. కుటుంబం కోరిక మేరకు మనుషుల పేర్లు, కార్యక్రమం పేరు చెప్పడం లేదు.

మొదట్లో ఆమె దగ్గరున్న ప్రణాళిక పెద్దది. వారానికో భాగం, ఒక్కోటి 45 నిమిషాలు. ఒక వారం ఊరి చరిత్ర, ఒక వారం ఉద్యోగ పరీక్షల సలహాలు, ఒక వారం సినిమాలు, ఒక వారం వాళ్ల అమ్మమ్మ చెప్పే పాత సంగతులు. నేను దాని మీద నా అభిప్రాయాలు తెలుగులో టైపు చేసి రెండు పేజీలు పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చింది, ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగులో: "అక్కా, నాకు తెలుగు చదవడం రాదు. వాయిస్ మెసేజ్ పెట్టండి."

నాకు తట్టనే లేదు. అంత చక్కగా, అంత ధారగా తెలుగు మాట్లాడే పిల్ల. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. ఇప్పుడు గజపతి జిల్లాకు అదే కేంద్రం. ఆ ఇంట్లో అమ్మమ్మకు తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చు. తల్లి కూడబలుక్కుని చదువుతుంది. ఈ అమ్మాయి ఒడియా మాధ్యమంలో చదువుకుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లిషు, ఫోనులో హిందీ. పొద్దున లేచిన దగ్గర నుంచి ఇంట్లో వినిపించే భాషలో ఒక కథ గానీ, ఒక వార్త గానీ, చివరికి నేను రాసిన రెండు పేజీలు గానీ తనంత తాను చదువుకోలేదు.

ఆ రాత్రి వాయిస్ మెసేజ్‌లో అడిగాను: "నీలాంటి వాళ్లు ఇంకెంతమంది ఉంటారు?" మర్నాడు ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. గుణుపురంలో పిన్ని కూతురు, బరంపురంలో మేనమామ పిల్లలు ఇద్దరు, రాయగడలో స్నేహితురాలు, సూరత్‌లో పనిచేస్తున్న పెదనాన్న కొడుకు. అందరూ తెలుగు మాట్లాడతారు. ఒక్కరూ చదవలేరు. వాళ్ల దాకా చేరే తెలుగు ఏదైనా ఉంటే అది చెవిలోంచే పోవాలి. తెలుగువాళ్లందరి కోసం చేసే పాడ్‌కాస్ట్‌లు చాలానే ఉన్నాయి. ఈ పిల్లల కోసం ఒకటి ఉందా అని నేను వెతికాను. నాకు కనిపించలేదు.

కాబట్టి మా శ్రోత పిన్ని కూతురు. గుణుపురం, పందొమ్మిదేళ్లు. ఒక కాగితం మీద ఆమె గురించి పది వాక్యాలు రాయించాను. ఎప్పుడు వింటుంది, చేతిలో ఏ ఫోను, ఇయర్‌ఫోన్లు ఉన్నాయా, ఎంతసేపు తీరిక ఉంటుంది, ఏ తెలుగు మాట దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత ప్రతి నిర్ణయాన్నీ ఆ కాగితం ముందు పెట్టాం. పరీక్షల సలహాలా? అవి ఆమెకు ఒడియాలో బోలెడు దొరుకుతాయి. సినిమాలా? వాటి గురించి మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. ఊరి చరిత్ర అంటే పుస్తకంలోంచి చదివి చెప్పాలి, అదీ ఈ అమ్మాయి చదవలేని పుస్తకంలోంచి. అమ్మమ్మ మాటలు మాత్రం ఇంకెక్కడా దొరకవు. నాలుగు విషయాల్లో మూడు కొట్టేసినప్పుడు ఆమె కాస్త నొచ్చుకుంది. నేను వెనక్కి తగ్గలేదు. కొత్తగా మొదలుపెట్టే వాళ్లు నాలుగు రకాల కార్యక్రమాలు ఒక పేరు కింద పెడితే, ఒక రకం కోసం వచ్చిన శ్రోత తర్వాతి వారం ఇంకేదో విని వెళ్లిపోతాడు. ఇది నేను చాలాసార్లు చూశాను.

నిడివి 15 నుంచి 18 నిమిషాలు. రెండు వారాలకొకటి. మొత్తం ఎనిమిది భాగాలు, అక్కడితో మొదటి విడత ముగింపు. ఈ ఎనిమిది అన్న హద్దు నా పట్టుదల. అంతులేకుండా మొదలుపెట్టిన పని మూడో నెలలో ఇల్లు తుడిచే పనిలా బరువవుతుంది. ఎనిమిదో భాగం ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తే అక్కడిదాకా నడవగలం, ఆ తర్వాత కావాలంటే కొత్త విడత. ఆమె ఇరవై అంశాలు చెప్పింది. ఒక్కో అంశానికీ అమ్మమ్మను అడగదగ్గ ప్రశ్నలు కనీసం మూడు తయారు చేయమన్నాను. తొమ్మిదింటికి చేయలేకపోయింది. ఆ తొమ్మిదీ పోగా పదకొండు మిగిలాయి. ఎనిమిది చేయడానికి, మూడు చేతిలో ఉంచుకోవడానికి సరిపోతాయి.

ప్రశ్నల మీద చాలా సమయం పెట్టాం. "ఆ రోజుల్లో జీవితం ఎలా ఉండేది అమ్మమ్మా?" అని అడిగితే ఏ పెద్దావిడైనా "బాగుండేదమ్మా, ఇప్పట్లా కాదు" అంటుంది. అక్కడితో అయిపోతుంది. చేతిలో పట్టుకునే వస్తువు గురించో, నిలబడిన చోటు గురించో అడగాలి. ఈవిడ పుట్టిల్లు నౌపడ. పెళ్లయ్యాక పర్లాకిమిడికి చిన్న రైల్లో వచ్చింది. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో మొదలైన ఆ రైలుకు పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. ఇప్పుడు అదే దారిలో బ్రాడ్‌గేజి ఉంది. "రైలు ప్రయాణం గురించి చెప్పు" అన్న ప్రశ్నను కొట్టేసి, "రైలెక్కినప్పుడు నీ చేతిలో ఏముంది?" అని రాసుకున్నాం. దాని ఫలితం కాసేపట్లో చెబుతాను.

మైకు, ఫ్యాను, దీపం వత్తులు

మైకు విషయం కూడా చెప్పాలి కదా. చొక్కాకు తగిలించుకునే చిన్న వైరు మైకు చాలన్నాను. ఆమె కొన్నది ఫోనులో పనిచేయలేదు. మైకు పాడైందనుకుంది. పిన్ను ఫొటో తీసి పంపమంటే అసలు సంగతి తెలిసింది: పిన్ను మీద రెండు నల్ల గీతలే ఉన్నాయి. అది కెమెరాకు పెట్టేది. ఫోనుకు పెట్టే పిన్నుకు మూడు గీతలుండాలి. మార్చి తెచ్చుకుంది. ఆమె ఫోనుకు గుండ్రటి రంధ్రం ఉంది కాబట్టి సరిపోయింది. లేనివాళ్లు ఫోను ఛార్జింగు రంధ్రానికి సరిపడే మైకు చూసుకోవాలి.

మొదటి రికార్డింగు మే నెలలో. నేను వెళ్లి పక్కనే కూర్చున్నాను. వీధి వైపు గది వద్దని, లోపలి గదిలో మంచం మీద బొంతలు పరిచి, గోడకు రెండు దుప్పట్లు వేలాడదీశాం. ఖాళీ గోడలు మాటను తిప్పికొడతాయి. బట్టలు, పరుపులు దాన్ని పీల్చుకుంటాయి. బట్టల బీరువా తలుపులు తీసిపెట్టినా కొంత మేలే. ఫ్యాను ఆపేశాం. ఆ ఎండలో, డెబ్బై ఆరేళ్ల మనిషిని, ఫ్యాను లేకుండా నలభై నిమిషాలు కూర్చోబెట్టడం నా తప్పు. పది నిమిషాలకోసారి ఆపి ఫ్యాను వేసి ఉండాల్సింది. తర్వాత అన్నీ తెల్లవారుజామునే చేశాం.

ఆ రికార్డింగు రెండు కారణాల వల్ల పనికిరాలేదు. మొదటిది చిన్నది. ఫోనులో ఛార్జింగు తక్కువగా ఉందని వైరు గుచ్చి ఉంచాం. మాట వెనక సన్నగా జుమ్మనే మోత ఎక్కింది. మన కరెంటు 50 హెర్ట్జ్ మీద, అంటే సెకనుకు 50 ఆవృత్తాల మీద నడుస్తుంది. ఛార్జరు ద్వారా ఆ మోత, దాని రెట్టింపులు మైకు దారిలోకి వచ్చి చేరతాయి. కొంతవరకు తీయవచ్చు గానీ గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. అప్పటి నుంచి మా నియమం: ఫోను నిండా ఛార్జ్ చేసి, వైరు తీసేసి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి మొదలుపెట్టడం.

రెండో కారణం పెద్దది. అమ్మమ్మ మారిపోయింది. అంతవరకు వంటింట్లో గలగలా మాట్లాడిన మనిషి, మైకు తగిలించగానే నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఆ కాలమునందు మా గ్రామమున" అని మొదలుపెట్టింది. వ్యాసం అప్పగించినట్టు. మనవరాలికి ఆ మాటలు సగం తెలియలేదు. నలభై నిమిషాలూ అంతే.

పర్లాకిమిడిలో కూర్చుని ఆ మాటలు వింటుంటే నాకు గిడుగు రామమూర్తి గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? 1880లో ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా చేరి, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలి, చదువు చెప్పాలి అని జీవితమంతా పోరాడారు. చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇన్నేళ్ల తర్వాత, ఆయన నడిచిన ఊళ్లోనే, ఒక చిన్న మైకు కనబడగానే ఒక అమ్మమ్మ తన నోటి తెలుగును పక్కన పెట్టి గ్రాంథికం అందుకుంది. "నా మాటలు బాగోవమ్మా, ఊరి మాటలు. పదిమందీ వింటారంటున్నావు" అంది. ఆమె సిగ్గు నాకు చాలా బాధ కలిగించింది. ఆ సిగ్గు పోగొట్టకపోతే ఈ కార్యక్రమానికి అర్థమే లేదనిపించింది.

"మామూలుగా మాట్లాడండి" అని చెప్పడం వల్ల లాభం లేదు. అలా అన్నకొద్దీ మనిషి ఇంకా బిగుసుకుంటారు. చేతులకు పని కావాలి. ఏ పని? చిక్కుడుకాయలు ఒలిస్తే చప్పుడు. బియ్యం ఏరితే చేట చప్పుడు. ఆమే అంది, "సాయంత్రం దీపానికి వత్తులు లేవు, చేసుకుంటాను" అని. పత్తి! చప్పుడన్నది లేని పని. రెండో రోజు తెల్లవారుజామున ఐదున్నరకు, ఒళ్లో పత్తి పెట్టుకుని, మోకాలి మీద వత్తులు చేస్తూ కూర్చుంది. మైకు కొంగు అంచున, గడ్డానికి ఒక జాన కింద తగిలించాం. చీర మడత దానికి రాసుకోకుండా చిన్న పిన్నీసు పెట్టాం. మనవరాలు ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంది. ముందు అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేశాం. తర్వాత మోత తగ్గించేటప్పుడు కంప్యూటర్‌కు ఆ గది ఎలా ఉంటుందో చూపించడానికి అది కావాలి.

నాలుగో వత్తి దగ్గర మనవరాలు అడిగింది: "అమ్మమ్మా, రైలెక్కినప్పుడు నీ చేతిలో ఏముంది?"

"ఏముంటుంది, ఉప్పు మూట" అంది ఆమె, తల ఎత్తకుండా. నౌపడ ఉప్పు కొఠార్ల ఊరు. కూతురు అత్తారింటికి పోతుంటే వాళ్లమ్మ ఉప్పు మూట కట్టింది. ఉప్పు చేతిలో చెయ్యి పెట్టి ఇవ్వకూడదు, ఇస్తే ఇద్దరికీ పడదంటారు. అందుకని వాళ్లమ్మ రైలు పెట్టె గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి వంగి, మూటను చెక్క బల్ల మీద పెట్టింది. కూతురు బల్ల మీంచి తీసుకుంది. "మా అమ్మ చెయ్యి నాకు తగల్లేదు. రైలు కదిలిపోయింది." అని, మళ్లీ పత్తి అందుకుంది. గదిలో పత్తి లాగే శబ్దం కూడా లేదు. మనవరాలు తర్వాతి ప్రశ్న అడగడం మర్చిపోయింది. తొమ్మిది సెకన్లు నిశ్శబ్దం.

మొదటి భాగం అక్కడే మొదలవుతుంది.

కోత

ఆ రోజు 52 నిమిషాల రికార్డింగు వచ్చింది. అందులోంచి 16 నిమిషాలు తీశాం. ఎడిటింగుకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వాడాం. ఉచితం, పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. కొత్తవాళ్లకు అందులో నాలుగైదు పనులు వస్తే చాలు. ముందు 80 హెర్ట్జ్ కింది గురగురను కోసేయడం, తర్వాత గది మోతను కొద్దిగా, మళ్లీ చెబుతున్నాను, కొద్దిగా తగ్గించడం. ఎక్కువ తగ్గిస్తే మనిషి నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఆపైన అక్కర్లేని మాటలు తీయడం, హెచ్చుతగ్గులు సమం చేయడం, చివర మొత్తం శబ్దం స్థాయిని సరిచేయడం. ఆపిల్ పాడ్‌కాస్ట్స్ అడిగే స్థాయి మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం మీద చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత), శబ్దం శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు. స్పాటిఫై మైనస్ 14 అంటుంది. మేము మైనస్ 16 దగ్గర ఆగాం, రెండు చోట్లా ఇబ్బంది రాలేదు. ఒకే గొంతు, ఒకే మైకు కాబట్టి కుడి, ఎడమ వేరువేరుగా ఉండే స్టీరియో అక్కర్లేదు, ఒకే దారి ఉండే మోనో చాలు. ఆడాసిటీలో స్థాయి సరిచేసేటప్పుడు మోనోను డ్యూయల్ మోనోగా, అంటే రెండు వైపులా అదే వినిపిస్తున్నట్టుగా లెక్కించమనే గడి ఒకటి ఉంటుంది. అది టిక్ చేసి ఉండాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. 96 కేబీపీఎస్ (సెకనుకు 96 కిలోబిట్ల) మోనో ఎంపీ3గా తీస్తే 16 నిమిషాల భాగం పదకొండున్నర ఎంబీకి వస్తుంది. గుణుపురం పిన్ని కూతురు మొబైల్ డేటాకు అది భారం కాదు. అసలు రికార్డింగు మాత్రం కుదించని వేవ్ ఫైలుగానే దాచాలి, అదీ మూడు చోట్ల. అమ్మమ్మ ఆ మాటలు రెండోసారి అలాగే చెప్పదు.

తొమ్మిది సెకన్ల నిశ్శబ్దాన్ని ఆ అమ్మాయి రెండు సెకన్లకు కోసి పంపింది. "ఖాళీగా ఉంది కదా అక్కా" అంది. తిరిగి పెట్టించాను. పూర్తిగా కాదు, ఆరు సెకన్లు. ఊపిరి చప్పుళ్లు, "మరేమో", "అదిగో" లాంటివన్నీ ఏరి పారేయాలన్న తపన కొత్తవాళ్లలో బలంగా ఉంటుంది. సగం ఉంచండి. అవి లేకపోతే మాట మాటలా ఉండదు.

పఖాళ అన్న ఒడియా మాట దగ్గర మా ఇద్దరికీ గట్టి వాదనే జరిగింది. రెండో భాగంలో అమ్మమ్మ వేసవి తిండి గురించి చెబుతూ, మనవరాలితో అయితే "పఖాళ" అంటుంది, ఎక్కడైనా నా వైపు తిరిగితే "చద్దన్నం" అంటుంది. ఒకే గిన్నెకు రెండు పేర్లు. ఆ అమ్మాయి "పఖాళ" అన్న చోట్లన్నీ తీసేద్దామంది. "ఆంధ్రా వాళ్లు వింటే మా తెలుగు కల్తీ అంటారు" అంది. ఎవరు వినాలని చేస్తున్నామో రాసుకున్న ఆ కాగితం తీయమన్నాను. పిన్ని కూతురు ఇంట్లో ఏమంటారు? పఖాళే. అయితే ఉండాల్సిందే. తరతరాలుగా ఒడియాతో ఒకే వీధిలో కాపురం చేసిన తెలుగు ఇది. ఆ మాట తీసేస్తే ఆ వీధినే తీసేసినట్టు. ఆమె ఒప్పుకుంది, అయితే మనసారా కాదు. మూడో భాగం వచ్చాక గానీ ఆ భయం పోలేదు.

ప్రతి భాగాన్నీ విడుదలకు ముందు అమ్మమ్మకు వినిపించాలన్నది ఇంకో నియమం. మొదట ఒప్పుకున్న మనిషికి వినగానే ఒక మాట నచ్చకపోవచ్చు. నాలుగో భాగంలో ఆమె ఒక బంధువు అప్పుల సంగతి చెప్పింది. చెప్పేటప్పుడు హాయిగానే చెప్పింది. విన్నాక, "వాడి పిల్లలున్నారు, తీసెయ్యండి" అంది. మూడు నిమిషాలు, మంచి కథ. తీసేశాం. ఆమె గొంతు, ఆమె ఊరు, ఆమె రేపు గుడికి వెళ్లినప్పుడు ఎదురుపడే మనుషులు. ఈ విషయంలో ఎడిటర్‌కు ఓటు లేదని నా నమ్మకం.

మొదట్లో వినిపించే సంగీతానికి పాత సినిమా పాట పెడదామంది. వద్దన్నాను. మన కాపీరైటు చట్టం 1957 ప్రకారం సౌండు రికార్డింగు మీద హక్కు విడుదలైన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది, పాట రచనకు, బాణీకి హక్కులు వేరే. పది సెకన్లయితే ఫర్వాలేదన్న మాట చాలామంది చెబుతారు, చట్టంలో అలాంటి గీత లేదు. పెరట్లో నుయ్యి ఉంది. నూతి గిలక కిర్రుమంటూ తిరిగే శబ్దం, చివర చేద నీళ్లలో పడ్డ చప్పుడు, ఆరు సెకన్లు రికార్డు చేశాం. ఇప్పుడు ఆ చప్పుడు వినగానే వాళ్ల బంధువుల పిల్లలు "అమ్మమ్మ వచ్చింది" అంటారట.

విడుదల

పాడ్‌కాస్ట్ అన్నమాట 2004లో పుట్టింది. దాని వెనకున్న ఏర్పాటు ఇప్పటికీ అదే. మన ఆడియో ఒక హోస్టింగ్ సేవలో (ఫైళ్లను ఇంటర్నెట్‌లో ఉంచే సేవలో) ఉంటుంది. ఆ సేవ ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అనే ఒక చిరునామా ఇస్తుంది. ఆపిల్, స్పాటిఫై, యూట్యూబ్ మ్యూజిక్ లాంటివి ఆ చిరునామాను చూసి కొత్త భాగాలను తెచ్చుకుంటాయి. ఒక్కో యాప్‌లో విడివిడిగా ఆడియో పెట్టనక్కర్లేదు. ఉచిత సేవ తీసుకున్నాం. ఎంచుకునేటప్పుడు నేను చూసిన ముఖ్య విషయం ఒకటే: రేపు వేరే సేవకు మారాలంటే పాత చిరునామా నుంచి కొత్త చిరునామాకు దారి మళ్లించనిస్తారా? ఇవ్వకపోతే పోగైన శ్రోతలు అక్కడే ఉండిపోతారు. ఇంకో జాగ్రత్త, ఫీడ్‌లో పెట్టిన ఈమెయిల్ అందరికీ కనిపించే అవకాశం ఉంది. ఆ అమ్మాయి సొంత ఈమెయిల్ తీయించి, కార్యక్రమం కోసమే కొత్తది తెరిపించాను. ఆ మెయిల్‌కే ధ్రువీకరణ సంకేతం వస్తుంది కాబట్టి దాని పాస్‌వర్డు పోగొట్టుకోకూడదు. భాష గడిలో తెలుగు ఎంచుకోవాలి. అది ఇంగ్లిషుగా వదిలేసిన తెలుగు కార్యక్రమాలు ఎన్నో చూశాను.

ముఖచిత్రం చతురస్రం, 3000 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు. ఆపిల్ కనీసం 1400 అడుగుతుంది. ఫోనులో అది తపాలా బిళ్లంత కనబడుతుంది కాబట్టి దాని మీద ముఖం, పేరు తప్ప ఇంకేమీ వద్దు. మేము అమ్మమ్మ ముఖం కూడా పెట్టలేదు, వత్తులు చేస్తున్న చేతులు పెట్టాం. పేరును ఏ లిపిలో రాయాలన్నది ఇక్కడ అసలు చిక్కు. తెలుగు లిపిలో రాస్తే మా శ్రోత చదవలేదు. ఒడియాలో మాత్రమే రాస్తే తెలుగు కార్యక్రమమని తెలియదు. బొమ్మ మీద పైన ఒడియా లిపిలో, కింద తెలుగు లిపిలో రాశాం. వెతికేటప్పుడు దొరకడానికి, వివరణలో మూడు లిపుల్లోనూ పేరు ఇచ్చాం, ఇంగ్లిషు అక్షరాలతో సహా. ఆ అమ్మాయి అప్పుడే అడిగింది, "కింద ఉన్నది ఎలా రాయాలి అక్కా?" అని. తన కార్యక్రమం పేరులోని ఆరు అక్షరాలూ ఆ సాయంత్రం అమ్మమ్మ నేర్పింది.

ముందు ఒక నిమిషం ట్రైలర్ పెట్టి ఫీడ్‌ను యాప్‌లకు పంపాం. ఒప్పుకోవడానికి కొన్నిచోట్ల కొన్ని రోజులు పట్టవచ్చు, విడుదల రోజున ఆ తిప్పలు వద్దు. విడుదలకు ముందే నాలుగు భాగాలు పూర్తి చేశాం. మొదటి రోజు రెండు పెట్టి, రెండు దాచాం. మొదటి భాగం నచ్చినవాళ్లకు వెంటనే ఇంకొకటి ఉండాలి. దాచిన రెండూ సెమిస్టరు పరీక్షలప్పుడు ఆదుకున్నాయి.

యాప్‌ల ద్వారా వచ్చిన శ్రోతలు తక్కువ. వాట్సాప్ ద్వారా వచ్చినవాళ్లే ఎక్కువ. 40 సెకన్ల ముక్క, దాని కింద లింకు. రైలు బల్ల మీద ఉప్పు మూట పెట్టిన చోటును ముక్కగా తీశాం, మూట తీసుకోకముందే ఆపేశాం. కుటుంబం గ్రూపులో వేస్తే అది సూరత్ దాకా వెళ్లింది.

తప్పులూ ఉన్నాయి. రెండో భాగంలో మొదట రెండున్నర నిమిషాల పరిచయం పెట్టనిచ్చాను. ఎవరెంతసేపు విన్నారో చూపే గీత సరిగ్గా ఆ పరిచయంలోనే జారిపోయింది. మూడో భాగం నుంచి గిలక చప్పుడు, వెంటనే అమ్మమ్మ మాట, ఆ తర్వాత పది సెకన్ల పరిచయం. ఐదో భాగంలో సూరత్‌లోని పెదనాన్న కొడుకును ఫోనులో మాట్లాడించాం. ఫోను గొంతు అమ్మమ్మ గొంతు పక్కన వినలేనంత పలచగా ఉంది. అతను తన ఫోనులోని రికార్డరులో తన మాటలు రికార్డు చేసి, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపి ఉంటే నాణ్యత చెడకుండా వచ్చేది. వాయిస్ మెసేజ్‌గా పంపితే కుదించేస్తుంది. ఆరో భాగానికి అలా చేశాం.

ఎనిమిదో భాగం కిందటి నెల వెళ్లింది. ఇప్పుడు ఎడిటింగు ఆమే చేసుకుంటోంది, నేను చివరిసారి విని చెబుతున్నాను. రెండో విడత గురించి మాట్లాడుకుంటుండగా పాతపట్నం నుంచి అమ్మమ్మ చెల్లెలు కబురు పంపింది. మొదటి భాగం ఎవరో ఆమెకు వినిపించారట. "అక్క చెప్పింది తప్పు. మూట బల్ల మీద పెట్టింది అమ్మ కాదు, నేను. అమ్మ ప్లాట్‌ఫారం దాకా రానే లేదు, ఇంట్లో ఏడుస్తూ కూర్చుంది" అంది. అమ్మమ్మ ఒప్పుకోవడం లేదు.

ఇద్దర్నీ కూర్చోబెట్టాలి. ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు, ఆపడం కుదరదు, ఆపకూడదు కూడా. ఒకే మైకు పెడితే ఆ రెండు గొంతులను తర్వాత విడదీయలేం. అందుకని రెండు ఫోన్లు, రెండు మైకులు. మధ్యలో ఎత్తుగా దిండ్లు పేర్చి, ఒకరి గొంతు మరొకరి మైకులో తక్కువ పడేలా చూస్తాం. రెండు ఫోన్లలోనూ రికార్డింగు నొక్కాక మనవరాలు ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొడుతుంది. ఎడిటింగులో ఆ రెండు చప్పట్లనూ ఒకదాని కింద ఒకటి సరిగ్గా నిలబెడితే రెండు గొంతులూ ఒకే గదిలోకి వస్తాయి. వచ్చే ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు. పత్తి ఇద్దరికీ సరిపడా తెప్పించమని చెప్పాను.